మఖమల్ పెట్టెలో అతుకుచేప

ప్రొద్దుటూరులో విలువైన వస్తువు ఏదైనా ఎర్ర మఖమల్ పెట్టెలోకి పోవాల్సిందే. గాజులు, జుంకీలు, వెండి కుంకుమభరిణె, రిటైరయ్యే గుమాస్తాకిచ్చే చేతిగడియారం, ఏదైనా సరే. బంగారు అంగళ్ల ఊరు కాబట్టి ఆ పెట్టెలకు కొదవ లేదు. ఆ అలవాటును నేను తప్పు పట్టను. కాకపోతే మా కాలేజీ పెద్దమనుషులు ఒకసారి అందులో ఒక చేపను పెట్టారు. కొత్తగా కాలేజీల్లో లెక్చరర్లుగా చేరుతున్న మీలాంటి వాళ్లు శాలువా కప్పించుకున్న ఫొటోలు నా ఫోనుకు పంపి, దీవించమని అడుగుతుంటారు. దీవించడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, ముందు ఆ చేప సంగతి వినండి.

నేను జువాలజీ చెప్పిన మనిషిని. మొదట జమ్మలమడుగులో, ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. ఏ కాలేజీ అని అడగొద్దు. మన జిల్లాలో అలాంటివి వీధికొకటి ఉన్నాయి, మీకు తోచినదేదో అనుకోండి. రాష్ట్రం విడిపోయిన తర్వాతి సంవత్సరాలవి. సైన్సు గ్రూపుల్లో పిల్లలు పలచబడుతున్నారు. కంప్యూటర్ వాళ్లకు చల్లటి గది దొరికింది, మాకు సైకిల్ స్టాండు పక్క గది దొరికింది. అందులో ఫ్యాను కంటే గోడమీది బల్లులే ఎక్కువ కష్టపడేవి. అలాంటి ల్యాబులోకి ఒక సముద్రపు చేప వచ్చింది. మాకూ సముద్రానికీ మధ్య ఎన్ని కొండలున్నాయో మీకు తెలుసు.

దాన్ని తెచ్చింది మా డిపార్టుమెంటులో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక ముస్లిం అమ్మాయి. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్లది బండలు పరిచే కుటుంబం. మన నాపరాళ్లను ఇళ్లల్లో పరిచి, పాలిష్ పట్టి, అతుకు కనపడకుండా చేసే పని. వాళ్ల అమ్మకు తమ్ముడు అదే పని మీద అండమాన్ పోయి అక్కడే ఉండిపోయాడు. ఆయన కూతురు పెళ్లికి వెళ్లినప్పుడు ఈమె ఒక చిన్న దీవి చూడటానికి పోయి, ఆటుకు నీళ్లు వెనక్కి పోయి ఒడ్డున రాళ్లు బయటపడితే ఒకదాన్ని తిరగేసింది. బండ చేతికి రాగానే అడుగు వైపు తిప్పి చూడటం వాళ్లింట్లో పుట్టినవాళ్లకు అలవాటు. ఆ రాయి అడుగున వేలెడంత చేప అతుక్కుని ఉంది. రాయిని తలకిందులు చేసినా ఊడి పడలేదు.

ఇంగ్లీషులో క్లింగ్‌ఫిష్ అంటారు. తెలుగులో దానికి పేరున్నట్టు నాకు తెలియదు. మేం అతుకుచేప అనుకున్నాం. పొట్టకింది రెక్కలు రెండూ కలిసిపోయి చిన్న గిన్నె మాదిరి అవుతాయి. ఆ గిన్నెతో రాయిని పట్టుకుంటే అల వచ్చి కొట్టినా కదలదు. ఒంటిమీద పొలుసు ఉండదు, జిగురు ఉంటుంది. నీళ్లు వెనక్కి పోయినప్పుడు రాయికింద తడిలో ముడుచుకుని, మళ్లీ నీళ్లు వచ్చేదాకా ఓపిక పడుతుంది. ఇది ఏ జాతి అని తేల్చాలంటే పైనుంచి చూసి లాభం లేదు. వెల్లకిలా తిప్పి, ఆ గిన్నె అంచున, లోపల ఉండే బొడిపెలు ఎలా పేర్చి ఉన్నాయో లెన్సు కింద చూడాలి. అంటే ఆ చేప చరిత్ర మొత్తం దాని కడుపుకింద ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, మిగతా కథ అర్థం కావడానికి అంతకంటే శాస్త్రం అక్కర్లేదు.

ఆమె అప్పటికే ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకుని, విషయం దొరక్క తిరుగుతోంది. ఈ చేపే విషయమైంది. అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, మళ్లీ ఆ దీవికి పోయి కొన్ని చేపలను స్పిరిట్‌లో వేసి తెచ్చింది. వాటిలో కొన్నిటి మూతి పొట్టిగా ఉంది. అవి పుస్తకాల్లో ఉన్న జాతే, అనుమానం లేదు. కొన్నిటి మూతి మాత్రం సాగి, పొడుగ్గా ఉంది. గిన్నె అంచు బొడిపెలు కూడా కొంచెం తేడాగా ఉన్నాయి. దొరికిన పుస్తకాలన్నీ తిరగేసినా ఆ పొడుగు మూతిది ఎక్కడా కనపడలేదు. బహుశా కొత్త జాతేమో అని ఆమె నాతో అంది. ఆమె బహుశా అన్న సంగతికి నేను సాక్షిని.

ఆ బహుశా స్టాఫ్‌రూమ్ గడప దాటలేదు. కొత్త జాతి అన్న మాట మాత్రం మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ చెవిన పడింది, సాయంత్రానికి కరస్పాండెంటు అంగడికి చేరింది. కరస్పాండెంటుకు బంగారు అంగడి ఉంది, దాని పక్కన కాలేజీ ఉంది. ఆయన రెండింటినీ ఒకే కళ్లజోడుతో చూసేవాడు. కొత్త చేప దొరికితే దానికి పేరు పెట్టే హక్కు దొరికినవాళ్లదేనని, మనిషి పేరు చివర ఒక లాటిన్ తోక తగిలిస్తే చాలునని ఎవరో ఆయనకు చెప్పారు. ఇక చూడండి. చేపకు తన పేరు పెట్టాలని కరస్పాండెంటు, కాదు కాలేజీ పేరు పెట్టాలని ప్రిన్సిపాల్, యూనివర్సిటీలో ఆమెకు గైడుగా ఉన్న ప్రొఫెసరు గారైతే ఫోనులోనే, సంప్రదాయం ప్రకారం గైడు పేరే ఉంటుందమ్మా అని మెత్తగా చెప్పాడు. ఆ సంప్రదాయం ఎక్కడిదో నేను ఇన్నేళ్లలో వినలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

చివరికి ఒప్పందం కుదిరింది. చేపకు కరస్పాండెంటు పేరు, వ్యాసంలో మొదటి రచయితగా ప్రొఫెసరు, కాలేజీకి ప్రచారం. ఆమెకేమిటని నేను అడిగితే ప్రిన్సిపాల్ నా వైపు వింతగా చూసి, ఆమెకు రెన్యువల్ ఉంది కదప్పా అన్నాడు. ప్రతి ఏడాదీ వేసవిలో కాంట్రాక్టు వాళ్లను మళ్లీ తీసుకోవాలా వద్దా అని ఆయన తేలుస్తాడు. ఆ గాలానికి ఎర కట్టాల్సిన పని కూడా ఉండదు.

ఆమెకు ఆ జీతం ఎంత అవసరమో అందరికీ తెలుసు. మొగుడు కువైట్‌లో ఏసీలు బిగించే పని చేసి, మెట్ల మీదనుంచి పడి నడుం దెబ్బతిని తిరిగొచ్చాడు. బరువు ఎత్తలేడు. చంటిబిడ్డ ఉంది. ఈమె కాలేజీకి వస్తే బిడ్డను అతను చూసుకునేవాడు. పాలు కాచడం, లాల పోయడం, ఉయ్యాల ఊపడం అన్నీ అతనే. ఒక్కోసారి బిడ్డ ఏడుపు ఆగకపోతే భుజాన వేసుకుని బస్సెక్కి కాలేజీకే వచ్చేవాడు. గేటు దగ్గర మా మగ లెక్చరర్లు నవ్వుకునేవాళ్లు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తమ చేత్తో ముంచుకోని శూరులు వాళ్లు.

సన్మాన సభకు తేదీ పెట్టారు. కాలేజీ ముందు పెద్ద ఫ్లెక్సీ లేచింది. కరస్పాండెంటు నిలువెత్తు, ప్రిన్సిపాల్ నడుందాకా, ప్రొఫెసరు మెడదాకా, మూలన కమిటీ సభ్యుల తలకాయలు. ఆమె బొమ్మకు చోటు మిగల్లేదట. చేపకు మాత్రం చోటిచ్చారు. ఫ్లెక్సీ అంగడివాడి దగ్గర అతుకుచేప బొమ్మ ఎక్కడుంటుంది పాపం, బొచ్చె చేప బొమ్మ పెట్టాడు. కిలోల లెక్కన అమ్మే చెరువు చేప. దాని కింద సముద్ర గర్భంలో ప్రొద్దుటూరు కీర్తి అని రాయించారు. ఆ దారిన పోయే చేపల అంగడివాళ్లు ఆగి చూసి, ఇది రోజూ మేం కోసేదే కదా అని ఆశ్చర్యపడి ఉంటారు.

ఇక మఖమల్ పెట్టె. సభలో చేపను జనానికి చూపించాలని కరస్పాండెంటు కోరిక. ల్యాబుకొచ్చి సీసాలో ఉన్న చేపను చూసి ఆయన మొహం చిట్లించాడట. సీసాలో పెడితే సారాయంగడి మాదిరి ఉంటాదని, మన ఊరి మర్యాదకు తగ్గట్టు పెట్టల్లని అన్నాడట. ఆమె అప్పుడు పాఠం చెబుతోంది, నేను పరీక్షల డ్యూటీలో ఉన్నాను. ప్రిన్సిపాల్ స్వయంగా సీసా మూత తీశాడు. ఉన్నవాటిలో పెద్దది, పొడుగు మూతిది, ఏ చేప మీద ఆమె వాదన మొత్తం ఆధారపడి ఉందో అదే, బయటికి తీసి జేబురుమాలుతో తుడిచి, నెక్లెస్ పెట్టే పెట్టెలో ఎర్ర మఖమల్ మీద పడుకోబెట్టాడు. పొట్ట కిందికి, వీపు పైకి. మరి ఏ చేపైనా అలాగే కదా ఉంటుంది. ఆ పెట్టెను కరస్పాండెంటు తన అంగడి షోకేసులో, వడ్డాణాల పక్కన, వేడి దీపాల కింద పెట్టించాడు. వచ్చినవాళ్లందరూ చూసి మెచ్చుకున్నారు.

ఆమెకు తెలిసేసరికి చేప ఎండి చెక్కలా తయారైంది. ఇద్దరం అంగడికి పోయి బతిమాలి పెట్టెను ల్యాబుకు తెచ్చుకున్నాం. ఆమె చిన్న పట్టకారుతో అంచు పట్టి లేపింది. చేప లేచింది, గిన్నె లేవలేదు. ఒంటి జిగురు ఎండి, పొట్టకింది చర్మమంతా మఖమల్ నూగుకు అంటుకుపోయింది. అలకు ఊడని చేప ఆ గుడ్డకు ఊడింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేపను మళ్లీ దాని చోట్లో పడుకోబెట్టి, ఒక మాట అంది.

"వాళ్లు చేపను చూడలేదు సార్. పెట్టెను చూసినారు."

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

మిగిలిన చేపలు నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. పెద్దది పోయింది కాబట్టి ఇక వాటినే పూర్తిగా పరీక్షించాలి. అంతదాకా ఒక్కొక్కటీ అపురూపమని ఆమె కత్తి పెట్టలేదు. ఇప్పుడు తప్పలేదు. పొట్టలు కోసి లోపలి భాగాలు ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద చూస్తూ కూర్చుంది. సాయంత్రం నన్ను పిలిచి, కుర్చీ ఖాళీ చేసింది. నేను చూశాను. పొడుగు మూతి చేపలన్నీ మగవి. పొట్టి మూతివన్నీ ఆడవి. ఒక్కటి కూడా తేడా లేదు.

అంతటితో ఆగకుండా అండమాన్‌లో ఉన్న మామకు ఫోన్ చేసి, ఆ రాళ్ల దగ్గరికి పోయి అడుగు వైపు ఫొటోలు తీసి, రాళ్లను మళ్లీ ఉన్నవి ఉన్నట్టు పెట్టమని చెప్పింది. ఆయన ఆదివారం పోయి, పంచె పైకి కట్టి, తీసి పంపాడు. ఒక రాయికింద బంగారు రంగు గుడ్లు ఒకే వరుసలో, బండలు పరిచినంత ఒద్దికగా అంటించి ఉన్నాయి. వాటి పక్కన పొడుగు మూతి చేప కాపలా ఉంది. గుడ్లు పెట్టినది పొట్టి మూతిది. అది కొంచెం దూరంలో ఉంది.

"జాతి ఒకటే సార్. ఇది మొగుడు, అది పెండ్లాం. నేను మొగుడూ పెండ్లాన్ని రెండు జాతులంటాండా," అంది ఆమె.

ఆ మాటకు మొదట ఆమే నవ్వింది, తర్వాత నేను నవ్వాను. నవ్వు ఆగాక ఫ్లెక్సీ గుర్తొచ్చింది. సభకు వారం కూడా లేదు.

ఇద్దరం ప్రిన్సిపాల్ గదికి పోయాం. ఆయన అంతా విన్నాడు. వినేటప్పుడు మొహం వేలాడింది, నిజమే. కానీ మఖమల్ పెట్టె సంగతి, గిన్నె ఊడిన సంగతి చెప్పగానే ఆ మొహం వికసించింది. మీరు నమ్మరు గానీ, ఆయనకు అది శుభవార్త అయింది.

"గిన్నె పోయిందంటాండావు కదమ్మా. ఇంక దాన్ని ఎవరు పరీక్ష చేసేది? కొత్తది కాదని ఎవరు చెప్పేది? నువ్వు గమ్మునుండు. రెన్యువల్ ఫైలు నా బల్ల మీదే ఉండాది," అన్నాడు.

చేపను పాడు చేసి, ఆ పాడు చేయడాన్నే రుజువుగా వాడుకునే తెలివి పెద్ద చదువులు చదివితే తప్ప రాదు. ప్రొఫెసరుకు ఫోన్ చేస్తే ఆయన ఇంకా నాజూకుగా చెప్పాడు. సభ జరిగిపోనీ, వ్యాసం రానీ, ఒకటి రెండేళ్లకు మనమే చిన్న సవరణ వేసుకుందాం, సైన్సులో ఇవన్నీ మామూలే అన్నాడు. ఆమె థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన చెయ్యి ఆయనదే. ఆయన ఆ మాట పైకి అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. ఒక పక్క ఉద్యోగం, ఒక పక్క పట్టా. రెండూ నిలవాలంటే నోరు మూసుకుంటే చాలు. ఆ రాత్రి ఆమె మొగుడితో ఏం మాట్లాడుకుందో నాకు తెలియదు. మరునాడు వచ్చి, సభలో నాకు మాట్లాడే అవకాశం ఉంటుందా సార్ అని మాత్రం అడిగింది.

కార్యక్రమ పత్రం తెప్పించి చూశాను. ప్రార్థన పాడే పిల్లల్ని తీసుకురావడం, పెద్దలకు పూలగుత్తులు అందించడం, ఇవీ ఆమెకు కేటాయించిన పనులు. చేపను పట్టినది ఆమె. మాట్లాడేవాళ్లు ఆరేడుగురు మగవాళ్లు. నాకు శాఖాధిపతిగా చిట్టచివర వందన సమర్పణ ఇచ్చారు. మన సభల్లో వందన సమర్పణ అంటే భోజనాల గంట. ఎవరూ వినరు, కానీ అది అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మర్యాద ఒక్కసారైనా పనికొస్తుందని నేను అనుకోలేదు.

సభ ఘనంగా జరిగింది. వేదిక నిండా శాలువాలు. మఖమల్ పెట్టెను కమలాపురం నుంచి తెప్పించిన బంతిపూల మధ్య పెట్టారు. కరస్పాండెంటు మాట్లాడుతూ తన పేరు ఇక సముద్రం ఉన్నంతకాలం ఉంటుందన్నాడు. ప్రిన్సిపాల్ బ్రహ్మంగారి కాలజ్ఞానాన్ని కూడా మధ్యలోకి లాగి, మెట్ట సీమలో మీనం పుట్టడం ఆనాడే చెప్పారన్నాడు. అలాంటిదేమీ నేను వినలేదు, ఆయనకూ తెలియదనుకుంటాను. ప్రొఫెసరు ఈ పరిశోధనలో తాను పడిన కష్టాన్ని వర్ణించాడు. ఆయన ఆ చేపను మొదటిసారి చూసింది అప్పుడే, పెట్టెలో, దూరంనుంచి. ఆమె మొగుడు హాలు వెనక బిడ్డను భుజాన వేసుకుని నిలబడి వింటున్నాడు.

నా పేరు పిలిచారు. లేచి మైకు దగ్గరికి పోయి, వందన సమర్పణ ఈ చేపను పట్టిన మేడమ్ చేస్తారని చెప్పి పక్కకు తప్పుకున్నాను. అంతకంటే నేను చేసిందేమీ లేదు. కథలో నాది మైకు పట్టుకునే పాత్రే.

ఆమె తడబడలేదు. పెద్దలకు, పిల్లలకు, వంటవాళ్లకు వందనాలు చెప్పింది. తర్వాత, పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది.

"సార్, ఈ చేప కొత్త జాతి కాదు. నేనే తొందరపడి అట్ల అనుకున్నా. పొడుగు మూతివి కోసి చూసినా, అన్నీ మగవే. వీటికి ఆడవి ఏవంటే, పొట్టి మూతివే. అవి పుస్తకంలో ముందు నుంచీ ఉండేవే. మగవి మాత్రమే ఉండే జాతి ఈ భూమ్మీద యాడా ఉండదు సార్."

అని, అలవాటుగా, శ్రోతలందరినీ చూసినట్టే వేదిక వైపు కూడా ఒకసారి చూసింది. ఆమె ఉద్దేశం ఏదైనా కావచ్చు. వేదిక మీద వరుసగా శాలువాలు కప్పుకున్న మగవాళ్లు, ఒక్క ఆడమనిషి లేదు. మొదట, వెనక వరుసలో కూర్చున్న ఆడపిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వు పొంగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కమిటీ సభ్యులు శాలువాలు సర్దుకున్నారు. కరస్పాండెంటు పక్కకు వంగి, ఏమంటాంది ఈమె, అని ప్రిన్సిపాల్‌ను అడగడం మైకులో అందరికీ వినపడింది.

ఆమె ఇంకో సంగతి చెప్పి ముగించింది. గుడ్లు పెట్టడం వరకే ఆడచేప పని, ఆ తర్వాత అవి పిల్లలయ్యేదాకా రాయికింద ఉండి, అల వచ్చినా కదలకుండా, రెక్కలతో నీళ్లు విసురుతూ కాపాడేది మగచేపేనని చెప్పింది. కొత్త పేరు దొరక్కపోయినా ఈ సంగతి దొరికినందుకు తనకు సంతోషంగా ఉందంది. హాలు వెనక బిడ్డను ఊపుతున్న మనిషి తల దించుకున్నాడు. గేటు దగ్గర నవ్వే మా శూరులు మాత్రం ఆ రోజు అతని వైపు చూడలేదు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. అందరూ భోజనాలకు పోయి బాగానే తిన్నారు. మరునాడు పేపర్లో కొత్త చేపకు కరస్పాండెంటు పేరు అని పెద్ద అక్షరాలతో వచ్చింది. పత్రికలకు కబురు సభకు ముందే పోయిందట, వెనక్కి పిలవడం ఎవరికీ తోచలేదు. వేసవిలో జువాలజీకి పని భారం తగ్గిందని ఆమెను తీసేశారు. పని భారం తగ్గలేదు, ఆమె పాఠాలు కూడా నా నెత్తిన పడ్డాయి. నేను అరిచాను, రాసిచ్చాను, కరస్పాండెంటు అంగడి ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆమె జమ్మలమడుగులో ట్యూషన్లు చెప్పుకుంటూ ఏడాదికి పైగా నెట్టుకొచ్చింది.

ప్రొఫెసరు సంగతి చెప్పాలి. చేపకు పేరు పోయింది కాబట్టి ఆయనకు దానిమీద ఆశా పోయింది, కోపమూ పోయింది. ఆమె విషయం మార్చుకుని, మగచేప గుడ్లను కాపాడే తీరు గురించి రాస్తానంటే సరేనన్నాడు. ఆయన చేసిన ఒకే ఒక్క మేలు పట్టించుకోకపోవడం. ఆమె మొగుడినీ బిడ్డనూ వెంటబెట్టుకుని మళ్లీ ఆ దీవికి పోయింది. ఈమె నీళ్లలో రాళ్లు తిప్పుతుంటే అతను ఒడ్డున బిడ్డను పట్టుకుని కూర్చునేవాడట. ఆ పనికి పట్టా వచ్చింది. పులివెందులలో ఒక కాలేజీవాళ్లు పిలిచి ఉద్యోగమిచ్చారు. నేనూ రిటైరయ్యాక పులివెందుల చేరాను, మా అమ్మాయి ఉండేది అక్కడే.

పట్టా వచ్చిన సంగతి మా పాత కాలేజీకి తెలిసింది. సిగ్గు అనేది సీసాలో వేసి దాచుకోదగిన వస్తువైతే ఆ కాలేజీకి ఒకటి పంపించేవాణ్ణి. మళ్లీ ఫ్లెక్సీ లేచింది. మా కళాశాల ముద్దుబిడ్డకు డాక్టరేట్ అని రాసి, మళ్లీ కరస్పాండెంటు నిలువెత్తు, ప్రిన్సిపాల్ నడుందాకా. ఈసారి ఆమె బొమ్మ కూడా పెట్టారు, చేప ఉన్న చోట. సన్మానానికి రావాలని మనిషిని పంపారు. నేను పోవద్దన్నాను. ఆమె పోదామంది.

"శాలువా నాకొద్దు సార్. నా చేప నేను తెచ్చుకోవల్ల. గిన్నె పోతే పోయింది, అది నేను పట్టిన మొదటి పెద్ద మగది. మ్యూజియానికి ఇచ్చేస్తా," అంది.

నలుగురం పోయాం, ఆమె, మొగుడు, బిడ్డ, నేను. ప్రిన్సిపాల్ ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. మఖమల్ పెట్టె ఆయన గదిలో గాజు అలమారాలో, ఆటల్లో గెలిచిన కప్పుల మధ్య ఉంది. పక్కన ఇత్తడి పలక మీద కొత్త జాతి అని, కరస్పాండెంటు పేరుకు లాటిన్ తోక తగిలించి చెక్కించి పెట్టారు. తనిఖీకి వచ్చే ప్రతి బృందానికీ దీన్ని చూపిస్తామని, అందరూ మెచ్చుకుని మార్కులు వేస్తారని ఆయన గర్వంగా చెప్పాడు. సన్మానం వద్దని, చేప కావాలని ఆమె అడిగితే కాసేపు గునిసి, ఇవ్వడం కుదరదని, కావాలంటే చూసుకొమ్మని పెట్టె చేతికిచ్చాడు.

ఆమె మూత తెరిచింది. కొద్దిసేపు చూసి, చేపను రెండు వేళ్లతో పట్టి పైకి లేపింది. కింద మఖమల్‌కు అంటుకుపోయిన గిన్నె జాడే లేదు. అప్పుడు నాకు అనుమానం వచ్చి కళ్లజోడు సర్దుకున్నాను. తోక రెండుగా చీలి ఉంది. ఒంటిమీద వెండి పొలుసులు మెరుస్తున్నాయి. గదిలోకి ఒక వాసన కూడా వచ్చింది. ఏ వానాకాలంలోనో అసలు చేపను చీమలు తినేసి ఉంటాయి, బృందం వచ్చే రోజు పెట్టె ఖాళీగా ఉండకూడదని ఎవరో బజారునుంచి ఎండు చేప తెచ్చి పెట్టి ఉంటారు. ఎవరో నాకు తెలియదు. ఆ తర్వాత వచ్చిన బృందాలన్నీ, అందరూ జువాలజీ డాక్టర్లే, దాన్నే చూసి మెచ్చుకుని మార్కులు వేసి పోయారు.

"సార్, ఇది సంతలో అమ్మే ఎండు చేప," అంది ఆమె.

ప్రిన్సిపాల్ చలించలేదు. ఎండితే అన్నీ అట్లే ఉంటాయి లేమ్మా అన్నాడు.

ఆమె అలవాటు చొప్పున దాన్ని వెల్లకిలా తిప్పి, పొట్టను గోటితో నొక్కింది. ఎండిన పొట్ట చిట్లి, పసుపుపచ్చ గుడ్లు నలకల మాదిరి ఎర్ర మఖమల్ మీద రాలాయి. ఆమె వాటిని తుడవలేదు. చేపను వాటి మధ్యనే జాగ్రత్తగా పడుకోబెట్టి, మూత వేసి, పెట్టెను ప్రిన్సిపాల్ ముందుకు జరిపింది.

"ఉండనీండి సార్. ఇన్నాళ్లకు మీ కమిటీలో ఒక ఆడది చేరింది," అంది.